నోటరీ సంతకంతో ఇల్లు చేతులు మారదు

అండమాన్ దీవుల్లోని గోల్ ఘర్‌లో ఇల్లు కొనాలనుకునే తెలుగువాడికి ముందుగా దొరికే సలహా ఇది: "స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాయించుకో, నోటరీ చేయించుకో, డబ్బిచ్చి తాళం తీసుకో. కబ్జా నీ చేతిలో ఉంటే ఇల్లు నీదే. కాగితాలు తీరిగ్గా చూసుకోవచ్చు." ఈ మాట చెప్పేది మోసగాడు కాదు. మేనమామ చెబుతాడు, పక్కింటి పెద్దాయన చెబుతాడు, ఎన్నో ఏళ్ల కిందట అలాగే కొనుక్కుని అదే ఇంట్లో పిల్లల పెళ్లిళ్లు కూడా చేసిన మేస్త్రి చెబుతాడు. "ఇన్నేళ్లలో నన్నెవడు కదిపాడు?" అని అడుగుతాడు. దానికి బదులు చెప్పలేక కొత్తవాడు చీటీ ఎత్తిన డబ్బూ, భార్య నగలు కుదువపెట్టిన డబ్బూ తెచ్చి చేతిలో పోస్తాడు.

ఆ సలహా తప్పు. మన తెలుగువాళ్ల కష్టార్జితానికి ఈ దీవుల్లో అది చేసినంత చేటు తుఫాన్లు కూడా చేసి ఉండవని నా నమ్మకం. ఇన్నేళ్లూ ఎవరూ కదపకపోవడం ఆ మేస్త్రి అదృష్టం, అంతే. దాన్ని హక్కు అనుకోవడం దగ్గరే పొరపాటంతా ఉంది. ఆ ఇంటిని పెట్టి బ్యాంకులో అప్పు అడిగిన రోజున, మంచి ధరకు అమ్మబోయిన రోజున, ఇద్దరు కొడుకులకు పంచి రాయబోయిన రోజున ఆయన చేతిలో ఏముందో ఆయనకే తెలుస్తుంది.

ముందు నేల సంగతి చూద్దాం. మన శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పట్టా భూమి కొంటే, అమ్మేవాడికి ఆ భూమి మీద ఉన్న యాజమాన్యం మనకు వస్తుంది. ఇక్కడి లెక్క వేరు. 1858లో బ్రిటిషువాళ్లు ఖైదీల వలస పెట్టిన నాటి నుంచీ ఈ నేల సర్కారుదే. ఇప్పుడు అమల్లో ఉన్న 1966 నాటి అండమాన్ నికోబార్ దీవుల భూమి శిస్తు, భూసంస్కరణల రెగ్యులేషన్ కూడా భూమి అంతా కేంద్ర ప్రభుత్వానిదేనని చెప్పి, జనానికి ఆ ప్రభుత్వం కింద రకరకాల హక్కులు ఇస్తుంది. ఒకరు ఆక్యుపెన్సీ టెనెంటు, ఒకరు గ్రాంటీ, ఇంకొకరు లైసెన్సీ. మనం ఇక్కడ కొనేది అమ్మేవాడికి ప్రభుత్వం కింద ఉన్న ఆ హక్కునే. అతనికే హక్కు లేకపోతే మనం కొనడానికి అక్కడ ఏమీ లేదు. గోడలకూ రేకులకూ లక్షలు పోసినట్టే. ఇద్దరు మనుషులు ఎంత నమ్మకంగా రాసుకున్నా, మూడో పక్షంగా సర్కారు ఎప్పుడూ ఉంటుంది. ఆ అగ్రిమెంటు మీద దాని సంతకం ఉండదు కాబట్టి సర్కారు దాన్ని పట్టించుకోదు.

పైగా ఈ దీవుల్లో నేల చాలా తక్కువ. మొత్తం 8,249 చదరపు కిలోమీటర్లలో 7,171 చదరపు కిలోమీటర్లు రికార్డుల ప్రకారం అడవి. మిగిలిన దాంట్లోనే పొలాలు, కొబ్బరితోటలు, రక్షణ శాఖ స్థలాలు, ఆఫీసులు, ఊళ్లు, మనమూ. "దీవి పెరగదు, కాబట్టి జాగా ధర తగ్గదు" అని మనవాళ్లు అంటూంటారు. రికార్డు ఉన్న జాగాకు ఆ మాట చెల్లుతుంది. రికార్డు లేని జాగాకు అదే కారణంతో ముప్పు ఎక్కువ. కొరతగా ఉన్న నేలను ఏదో ఒక రోజు సర్కారు వెతుక్కుంటూ వస్తుంది.

మనవాళ్లు ఈ కాగితం దారిలో ఎందుకు పడ్డారో నాకు తెలియక కాదు. దేశ విభజన తర్వాత 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థి కుటుంబాలను సర్కారే ఓడలెక్కించి తెచ్చి, వరి పొలమూ కొండజాగా కలిపి పదేసి ఎకరాల లెక్కన ఇచ్చింది. ఉద్దానం నుంచి, ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి, విశాఖ తీరం నుంచి వచ్చిన మనవాళ్లలో ఎక్కువమంది అలా రాలేదు. కూలికి వచ్చారు, చేపల వేటకు వచ్చారు, మేస్త్రి పనికి వచ్చారు. విశాఖలో ఓడెక్కి, రెండున్నర రోజులు సముద్రం మీద ఉండి, దిగిన చోట ఖాళీగా కనబడిన వాలు మీద రేకుల షెడ్డు వేసుకున్నారు. అప్పుడు అదే బతుకు. తర్వాత ఆ షెడ్డు ఇటుక గోడ అయింది, స్లాబ్ అయింది, ఊరికి వెళ్లిపోతూ ఇంకొక తెలుగువాడికి ఇచ్చేశారు. మొదటివాడికి అది తలదాచుకునే చోటు. రెండోవాడి దగ్గరికి వచ్చేసరికే సొంతింటి ధర పలికింది. నా పేచీ మొదటివాడితో కాదు. లేని హక్కుకు ఉన్న ధర కట్టి రెండోవాడికీ మూడోవాడికీ అంటగట్టే అలవాటుతో.

ఆ అగ్రిమెంటు కాగితాన్ని ఒకసారి దగ్గరగా పెట్టుకుని చదవండి. చాలావాటిలో సర్వే నంబరు ఉండదు. విస్తీర్ణం "సుమారు" అని ఉంటుంది. హద్దులు చెప్పేచోట తూర్పున ఫలానా వారి ఇల్లు, పడమర కాలువ, ఉత్తరాన పనసచెట్టు అని రాస్తారు. ఆ ఫలానా వారు ఇల్లు మారితే, పనసచెట్టు గాలివానకు కూలితే హద్దు ఎక్కడ? ఆ కింద, "ఈ రోజు నుంచి నాకు గానీ నా వారసులకు గానీ ఏ హక్కూ లేదు" అని ఒక వాక్యం. ఆ మనిషికి అసలు ఏ హక్కు ఉండేదో, అది ఏ ఉత్తర్వుతో వచ్చిందో పై నుంచి కింది దాకా ఒక్క ముక్క ఉండదు. చివర రెండు సాక్షి సంతకాలు, నోటరీ ఎర్ర ముద్ర. ఆ ముద్ర చూసి గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోతారు.

నోటరీ చేసే పని చాలా చిన్నది. ఫలానా మనిషి తన ఎదుట సంతకం పెట్టాడని ధ్రువపరచడం. ఆ మనిషికి ఆ జాగా ఉందా లేదా అన్నది ఆయన చూడడు, చూడాల్సిన పనీ లేదు. స్టాంపు పేపరు సర్కారుకు కట్టిన పన్ను, అంతే. నూరు రూపాయలు, అంతకు మించి విలువ ఉన్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే జరగాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నాయి. అగ్రిమెంటు అంటే అమ్ముతానని ఇచ్చిన మాట. దాన్ని నిలబెట్టమని కోర్టుకు వెళ్లాలన్నా మూడేళ్ల గడువు ఉంది. ఆ మూడేళ్లు దాటాక బీరువాలో దాచుకున్న కాగితం దాదాపు చిత్తు కాగితమే.

ఇంకొంచెం తెలివైనవాళ్లు "ఫుల్ సెట్ ఇస్తాం" అంటారు: అగ్రిమెంటు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, వీలునామా, మూడూ కలిపి. ఈ పద్ధతి దేశమంతా నడిచింది. 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు దీని మీద తేల్చి చెప్పింది: ఈ కాగితాలతో యాజమాన్యం బదిలీ కాదు. కారణం చదువురానివాడికీ అర్థమయ్యేదే. మామూలు పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చినవాడు పోతే అతనితోనే పోతుంది. వీలునామాను రాసినవాడు బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. అలాంటి రెండు కాగితాల మీద జీవితకాలపు సంపాదన పెట్టడం ఏ లెక్కన జాగ్రత్త?

"పన్నెండేళ్లు ఉంటే జాగా మనదే అయిపోతుంది" అనేది మరో గట్టి నమ్మకం. ఆ పన్నెండేళ్లు ప్రైవేటు మనుషుల భూమి విషయంలోని గడువు. ప్రభుత్వ భూమికి లిమిటేషన్ చట్టంలో గడువు 30 ఏళ్లు. అదీ ఉంటే చాలని కాదు, యజమానికి ఎదురు నిలిచి, బాహాటంగా, తెగకుండా అనుభవించినట్టు కోర్టులో రుజువు చేయాలి. ఈలోగా ఆక్రమణ తీసెయ్యడానికి రెవెన్యూ అధికారులు దావా వేయనక్కరలేదు. నోటీసు ఇచ్చి ఖాళీ చేయించే అధికారం ఆ 1966 రెగ్యులేషన్‌లోనే ఉంది. "ఎప్పటికైనా రెగ్యులరైజ్ చేస్తారు" అన్న ఆశ కూడా చరిత్రను సగం చదివి పెట్టుకున్నదే. 1978కి ముందటి ఆక్రమణలను ఒక రకంగా, ఆ తర్వాతవాటిని మరో రకంగా చూశారని ఇక్కడ పాతవాళ్లందరికీ తెలుసు. 2002 మే 7న సుప్రీంకోర్టు ఈ దీవుల అడవులను పరిశీలించిన శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక మీద ఇచ్చిన ఉత్తర్వుతో అడవి భూమిలోని ఆక్రమణలను తొలగించాల్సి వచ్చింది. ఒకరికి దక్కింది కదా అని అందరికీ దక్కుతుందనుకుని కొనకండి.

ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు చూపించి "ఇవి చాలవా?" అనేవాళ్లకు ఒక్కటే జవాబు. పన్ను ఇంట్లో ఉన్నవాడి దగ్గర వసూలు చేస్తారు, కరెంటు వాడుకున్నవాడి దగ్గర డబ్బు తీసుకుంటారు. అవి నివాసానికి రుజువులు, యాజమాన్యానికి కావు.

ఈ వాదనలన్నిటికన్నా గట్టి వాదన ఒకటుంది. దాన్ని దాటవేస్తే నేను రాసేది అన్యాయం అవుతుంది. "రికార్డు జాగా ధర మాకు అందదు. ఆఫీసుల చుట్టూ తిరిగే తీరిక రోజుకూలివాడికి లేదు. అద్దె కడుతూ చావమంటావా?" అని అడుగుతారు. ఆ కోపం న్యాయమైనదే. చిన్న మ్యుటేషన్‌కు కూడా నెలల తరబడి తిప్పించుకునే వ్యవస్థ మీద ఎంత కోపం వచ్చినా తక్కువే. కానీ పేదవాడికి కాగితం అక్కర్లేదనే ముగింపు దీనిలోంచి రాదు. డబ్బున్నవాడికి ఒక ఇల్లు పోతే ఇంకొకటి ఉంటుంది. పేదవాడికి ఆ ఒక్కటే. అందరికన్నా గట్టి కాగితం కావాల్సింది అతనికే. అంత ధర అందకపోతే గోల్ ఘర్ పట్టుదల వదిలి గారాచర్మా, బాతూబస్తీ, ఇంకా లోపలికి వెళ్లి చిన్నదైనా రికార్డు ఇంటి స్థలం చూడండి. అదీ అందకపోతే అద్దెకే ఉండండి. అద్దె పోతే నెల డబ్బు పోతుంది, ఉత్త అగ్రిమెంటు ఇల్లు పోతే మొత్తం పోతుంది.

కొనేవాడు ముందు అడగాల్సింది ఫారం-ఎఫ్, అంటే జాగా హక్కుల రికార్డు. అమ్మేవాడి దగ్గరున్న జిరాక్సు కాదు, తహసీల్ ఆఫీసు నుంచి మీరే కొత్తగా తీయించిన సర్టిఫైడ్ కాపీ, దాంతో పాటు సర్వే నకాషా. అందులో పేరు ఎవరిది, సర్వే నంబరు ఏది, విస్తీర్ణం ఎంత, హక్కు ఏ రకం, భూమి ఏ తరగతి అన్నవి చదవాలి. హిందీ, ఇంగ్లీషు రాకపోతే చదివే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోండి, సిగ్గుపడకండి. వరి పొలం, కొండజాగా అని ఉంటే అది ఇంటి స్థలం కాదు. ఇంటి స్థలంగా మార్చిన డైవర్షన్ ఉత్తర్వు చూపించమనండి. లైసెన్సు అని కనబడితే ఆగండి. దాన్ని అమ్మే అధికారం అతనికి ఉందో లేదో తహసీల్దారుకు అర్జీ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకునే దాకా ఒక్క రూపాయి కదపకండి. నకాషా తీసుకుని జాగా మీదకు వెళ్లి పట్వారీతో గానీ సర్వేయరుతో గానీ కొలిపించండి. వాలు మీద కట్టిన ఇళ్లలో వెనక రిటైనింగ్ గోడ, మెట్లు, సెప్టిక్ ట్యాంకు తరచూ రికార్డు హద్దు దాటి పోయుంటాయి. ఆ తర్వాత సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత లావాదేవీలు, తాకట్లు వెతికించండి. మున్సిపల్ కౌన్సిల్ ఇచ్చిన ప్లాను అనుమతి చూడండి. కట్టింది రెండంతస్తులు, అనుమతి ఒక్కదానికే అయితే ఆ తేడా మీ మెడకు చుట్టుకుంటుంది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది కాబట్టి పాత కాగితంలో ఒకటి, కొత్త కాగితంలో ఒకటి కనబడితే కంగారుపడనక్కరలేదు. సర్వే నంబరు ఒకటేనా అన్నదే ముఖ్యం.

అప్పు అక్కర్లేకపోయినా ఒకసారి ఆ కాగితాలు పట్టుకుని బ్యాంకుకు వెళ్లి రండి. ఈ ఇంటి మీద అప్పు ఇస్తారా అని అడగండి. ఇవ్వం అంటే ఎందుకని అడగండి. వాళ్లు చెప్పే కారణమే మీరు కొనకూడని కారణం.

మన ఇళ్లలో ఎక్కువగా దాచిపెట్టే గొడవ ఆడపిల్లల సంతకం. గోల్ ఘర్‌లో నాన్న పేరు మీద ఇల్లు ఉంటుంది. నాన్న పోతాడు. ఇక్కడున్న ఇద్దరు కొడుకులూ అమ్మేస్తారు. "అక్క సోంపేటలో ఉంది, సముద్రం దాటి ఆవిడొస్తుందేటి?" అంటారు. నాన్న సొంతంగా సంపాదించిన ఆస్తిలో, వీలునామా లేకపోతే, కూతురికి కొడుకుతో సమానంగా వాటా 1956 నుంచే ఉంది. ఆమె సముద్రం దాటనక్కరలేదు, లాయరు నోటీసు దాటితే చాలు. అందుచేత కొనేవాళ్లు వారసుల సర్టిఫికెట్ చూసి, అందులో పేరున్న ప్రతి ఒక్కరి సంతకమూ కావాలని పట్టుబట్టండి. రాలేని ఆడపడుచు ఊళ్లోనే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొచ్చు. కానీ దస్తావేజు రిజిస్టరు చేయించే పనికి అది చెల్లాలంటే ఆమె నివసించే చోటి రిజిస్ట్రేషన్ అధికారి ఎదుట రాసి ధ్రువపరచుకోవాలి. ఇంట్లో కూర్చుని సంతకం పెట్టి వాట్సాప్‌లో పంపిన కాగితం పనికిరాదు. అన్నదమ్ములకూ ఒక మాట: చెల్లెలి వాటా ఆమెకిచ్చి సంతకం తీసుకోండి. ఆమె వదులుకుంటానంటే రిజిస్టరు రిలీజు దస్తావేజు రాయించుకోండి. చీరా సారె పెట్టి సరిపెట్టే కాలం కాదు.

అమ్మేవాళ్లు "రిస్కంతా కొనేవాడిదే, నాకు డబ్బు ముడితే చాలు" అనుకుంటారు. అదీ తప్పే. రికార్డు మీ పేరు మీదే ఉంటే రేపు వచ్చే నోటీసులూ మీ పేరు మీదే వస్తాయి. స్థిరాస్తి అమ్మకానికి 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదని 2015 జూన్ 1 నుంచి చట్టం. తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడొచ్చు, అది పడేది తీసుకున్నవాడి మీదే. దస్తావేజులో సగం రాసి, మిగతా సగం సంచిలో తీసుకునే అలవాటు ఇద్దరినీ ముంచుతుంది. రేపు హక్కులో లోపం బయటపడితే కొనేవాడు కోర్టులో తిరిగి అడగగలిగేది దస్తావేజులో ఉన్న అంకెనే. ఇక ఇక్కడ అమ్మి ఊళ్లో ఇల్లు కట్టుకునేవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. ఇల్లు అమ్మిన లాభంతో రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా ఆదాయపు పన్నులో మినహాయింపు దొరుకుతుంది. చూపించని డబ్బుకు ఆ మినహాయింపు ఎక్కడ అడుగుతారు? ధర 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాడు ఒక శాతం పన్ను పట్టి కట్టాలన్నది కూడా ఇద్దరూ గుర్తుంచుకోవాల్సిందే.

కాగితం సరిగ్గా ఉన్నంత మాత్రాన ఇల్లు మంచిది కానక్కరలేదు. ఈ దీవులన్నీ భూకంపాల ముప్పు ఎక్కువగా ఉన్న జోన్‌లో ఉన్నాయి. 2004 డిసెంబరు 26 తర్వాత ఇక్కడ నేలే కుంగి, సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి నిలిచిపోయింది. అందుకే ఇల్లు ఎప్పుడు కట్టారో అడగండి. ఒకప్పుడు బీచ్ ఇసుకతో కట్టినవి ఎన్నో ఉన్నాయి. ఆ ఉప్పు కాంక్రీటులో ఇనుమును తినేస్తుంది. కొత్త పెయింటు చూడకండి; మెట్ల కింద, బాత్రూం పైకప్పులో, దూలం అడుగున చూడండి. ఊచ వెంబడే పొడవునా సాగిన పగులు, తుప్పు మరక, చిన్న సుత్తితో కొడితే డొల్ల చప్పుడు వినబడితే ఆ స్లాబ్ లోపలి ఊచ అప్పటికే ఉబ్బి ఉంది. నీటి సంగతి మార్చి, ఏప్రిల్ నెలల్లో పక్కింటి ఆడవాళ్లను అడగండి. ఊరికి నీళ్లిచ్చే ధనీఖారీ ఆనకట్ట అడుగంటిన రోజుల్లో ఆ వాలు మీదకు కుళాయి నీళ్లు ఎన్ని రోజులకోసారి ఎక్కుతాయో, సంపు ఎంత పెద్దది ఉండాలో వాళ్లకే తెలుసు.

చివరిగా నేను అడిగేది కొనేవాళ్లను కాదు, అమ్మేవాళ్లను కూడా కాదు. ఈ కాగితాలు ఇన్నేళ్లూ నడిచింది సాక్షి సంతకాల వల్ల. సంఘం పెద్దగా, మేస్త్రిగా, మావయ్యగా మీరు పక్కనుండి సంతకం పెడితేనే కొత్తగా ఓడ దిగిన కుర్రాడికి ఆ స్టాంపు పేపరు మీద నమ్మకం కలుగుతోంది. మీ మాట మీద అతను సంపాదించినదంతా పెడుతున్నాడు. పెద్దలారా, ఫారం-ఎఫ్ సర్టిఫైడ్ కాపీ మీ కళ్లతో చూడకుండా, రిజిస్ట్రేషను తేదీ ఖాయం కాకుండా, ఇక మీదట ఏ అగ్రిమెంటు మీదా సాక్షిగా సంతకం పెట్టకండి.